వంతుల పట్టీలో ఆఖరి గడి

పెదగట్టుకి ఒకే వారంలో మూడు గండ్లు పడ్డ వరద వచ్చిందే, ఇది ఆ ఏడు జరిగింది. ఏడో లాకు దగ్గరి వాళ్లు ఇప్పటికీ ఏ సంగతైనా మూడు గండ్లకి ముందు, మూడు గండ్ల తర్వాత అనే లెక్క చెబుతారు.

గవర్రాజు ఏడో లాకు లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, ఏ చేనుకి ఏ పూట ఎంతసేపు నీరు వెళ్లాలో వంతుల పట్టీ రాసి ఆ ప్రకారం తూములు తిప్పడం అతని పని. ముప్ఫై నాలుగేళ్లు చేశాడు. చదువు మూడో తరగతి. మాట తక్కువ. నీళ్ల కోసం రైతులు పారలు పట్టుకుని వచ్చినా పట్టీ తీసి వేలితో చూపించి ఊరుకునేవాడు. వాళ్లే కాసేపు తిట్టుకుని వెళ్లిపోయేవారు.

అతని భార్య అచ్చియ్యమ్మకి రెండేళ్ల కిందట జబ్బు చేసింది. ఎముకల్లోకి దిగిన జబ్బు. పెద్దాసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఎలా ఉందని ఎవరడిగినా ఆమె మాత్రం, "కొంచెం నెప్పి. అంతే," అనేది. అంత మాటకారి మనిషీ ఆ ఒక్క సంగతి దగ్గర రెండు ముక్కలతో సరిపెట్టేది. గవర్రాజు కొంచెమే కాబోలు అనుకున్నాడు.

లాకు పక్కన పాత ఇరిగేషన్ బంగళా ఉంది. ఎత్తు మీద ఉంటుంది, ఏ వరదా ఎక్కలేదు. అందులోకి ఆ ఏడు వేసవికి ముందే డాక్టర్ హైమవతి సామాను దింపుకుంది. నలభై ఏళ్ల మనిషి, నొప్పుల మీద పరిశోధన చేస్తోంది. వచ్చిన వారానికే అచ్చియ్యమ్మ సంగతి విని భార్యాభర్తలిద్దర్నీ పిలిపించింది. ఇద్దరి కుడిచేతులకీ చెరో రాగి కడియం తొడిగింది. కడియాల నుంచి సన్నటి తీగలు గోడ మీదున్న ఇనప్పెట్టెలోకి వెళ్లాయి. పెట్టెకి వరసగా కన్నాలు, కన్నానికో పచ్చ దీపం.

పావుగంట కూర్చోబెట్టి, తర్వాత ఏదో నొక్కింది.

గవర్రాజుకి తుంటిలో ఎవరో మేకు పెట్టి సుత్తితో కొట్టినట్టయింది. కుర్చీలోంచి జారి నేల మీద కూలబడ్డాడు. పక్క కుర్చీలో అచ్చియ్యమ్మ ఏడాదిగా ముడుచుకున్న కాలు మెల్లగా చాపుకుంది. చాపుకుని, ఆ కాలు తనది కానట్టు చూసుకుంది.

"తగ్గలేదు గవర్రాజు గారూ," అంది డాక్టరమ్మ. "సగం మీ దగ్గరికి వచ్చింది. నొప్పిని తుడిచేసే దారి నాకు దొరకలేదు. పంచే దారి ఒకటి దొరికింది."

గవర్రాజు ఆమె మాట వినలేదు. భార్య వైపు చూస్తున్నాడు.

"ఇంత పెట్టుకుని కొంచెం అంటావా," అన్నాడు.

"పెద్దదంటే ఏం సేసేవాడివి, తూము కట్టేసేవాడివా," అంది అచ్చియ్యమ్మ, కాలు ఊపుకుంటూ.

అక్కణ్ణించి వంతులు మొదలయ్యాయి. కడియం ఒకసారి తొడిగితే ఒంటికీ పెట్టెకీ లంకె పడుతుంది. తర్వాత కడియం తీసేసినా, తీగ పీకేసినా ఆరు నెలల దాకా ఆ లంకె పోదు. మనిషి ఏడో లాకు చుట్టుపక్కల ఎక్కడున్నా పెట్టె పంపితే నొప్పి చేరుతుంది. మోసేవాళ్లు నలుగురు. గవర్రాజు, కూతురు రత్నం, అచ్చియ్యమ్మ తమ్ముడు తాతబ్బాయి, తాతబ్బాయి పెళ్లాం చిన్నమ్మి. చిన్నమ్మి వానలు పట్టగానే పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లింది కాబట్టి చివరికి మిగిలింది ముగ్గురే.

మొదట్లో డాక్టరమ్మ నోటిమాటగా పంచేది. పొద్దుట నాకొద్దంటే నాకొద్దని తగువులు పడ్డాయి. గవర్రాజు ఒకనాడు కాగితం మీద గీతలు కొట్టి, కాలవ వంతుల్లాగే పట్టీ రాసి తెచ్చాడు. ఎవరికి ఏ పూట, ఎన్ని పాళ్లు. డాక్టరమ్మ దాన్ని చాలాసేపు చూసి, పెట్టె అతని చేతికే అప్పగించింది.

పెట్టె తయారుచేసినవాడు నాజర్. పట్నంలో ఉంటాడు, ఫోన్లో పని చెబుతాడు. దాన్ని అతను స్విచ్ అనేవాడు. ఊళ్లోవాళ్లు వంతుపెట్టె అన్నారు. గవర్రాజుకి ఇంగ్లీషు రాదు. అక్షరాలని బొమ్మల్లా గుర్తుపెట్టుకున్నాడు. నాజర్ ఒక్కో మాటా చెబుతుంటే గవర్రాజు చూపుడువేలితో ఒక్కో మీటా నొక్కేవాడు. తప్పు నొక్కడం అరుదు. తలుపు ఎత్తే చక్రాన్ని ఒక పన్ను ఎక్కువ తిప్పితే పది ఎకరాలు మునుగుతాయని తెలిసిన చెయ్యి అది.

శ్రావణంలో వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం నాజర్ ఫోన్ చేశాడు.

"బాబాయ్ గారూ, పెట్టెకి వచ్చే ప్రతి తీగకీ ఒక నంబరు ఉంది కదా. తీగ తెగితే దాని నంబరూ పోతుంది. అప్పుడు పెట్టె బతికుందో లేదో నాకిక్కడ తెలియదు. అందుకని ఏ తీగతోనూ సంబంధం లేని నంబరు ఒకటి పెట్టె లోపలే పెడదాం. లూప్‌బ్యాక్ అంటారు."

"తీగ లేకుండా నంబరేంటండి."

"తీగలుంటే తెగుతాయి. ఇది పెట్టె కడుపులో ఉంటుంది. పెట్టె ఉన్నంతసేపూ ఇది పడిపోదు. నేను దానికి 'ఉన్నావా' అని కబురు పెడతాను. గట్టు మీది తీగో, రోడ్డు మీది తీగో, ఏదో ఒకటి మిగిలితే చాలు. 'ఉన్నాను' అని చెబుతుంది."

గవర్రాజు నొక్కాడు. ఇంటర్‌ఫేస్, లూప్‌బ్యాక్, సున్నా. తర్వాత నంబరు. పది, సున్నా, సున్నా, ఏడు. ఏడో లాకు కదా అని నాజర్ ఏడు పెట్టాడు. ఆ తర్వాత రెండొందల యాభై అయిదు నొక్కమన్నాడు. నాలుగుసార్లు.

"నాలుగుసార్లు ఎందుకండి."

"ఆ ఇంట్లో ఒక్కరే ఉంటారు, చుట్టుపక్కల ఎవరూ లేరు అని చెప్పడానికి."

గవర్రాజు ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

"ఉన్నానంది బాబాయ్ గారూ," అన్నాడు నాజర్ అవతల నుంచి. "రెప్పపాటులో చెప్పింది."

కాలవ పట్టీకి ఒక పద్ధతి ఉంది. అన్ని చేలకీ వంతులు రాశాక ఆఖరి గడిలో "మిగులు" అని రాసి, ఆ నీరు ఏ మురుగుకాలవలోకి వదలాలో రాస్తారు. ఆ గడి రాయకుండా ఏ లస్కరూ పట్టీ మూయడు. రాయకపోతే మిగిలిన నీరు తనంతట తనే దారి చూసుకుంటుంది. నొప్పి పట్టీలో గవర్రాజు ఆ గడి ఖాళీగానే ఉంచాడు. రాయడానికి ఏమీ లేక ఉంచాడు. రోజూ పట్టీ తీసినప్పుడల్లా ఆ ఖాళీ గడి కంట్లో నలుసులా ఉండేది.

వారం తిరక్కుండానే రత్నం చెయ్యి కాలింది. కూతురు కొబ్బరిపీచు మిల్లులో పనికి వెళుతుంది. పొద్దుట వంతు ఆమెది. వంతు మోస్తూనే వంట చేసుకుని మిల్లుకి పరిగెత్తాలి. ఆ రోజు గంజి వారుస్తుంటే తల్లి నొప్పి ఒక్కసారిగా నడుంలో లేచింది. గిన్నె జారింది. మోచేతి దాకా బొబ్బలెక్కింది.

గవర్రాజు వెళ్లేసరికి రత్నం అరిటాకు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"నా వంతు తీసెయ్యకు నాన్నా," అంది. "అమ్మ మోసింది రెండేళ్లు. నేను రెండు గంటలు మొయ్యలేనా."

అతను లేచాడు. బంగళాకి వచ్చి పెట్టె ముందు కూర్చున్నాడు. రత్నం పేరు తీసేశాడు. ఆ పాళ్లు ఎవరికి రాయాలి? తనకప్పటికే రెండింతలుంది. తాతబ్బాయి పడవ నడపాలి. తీసేసిన పాళ్లు రాయకుండా వదిలితే తిరిగి అచ్చియ్యమ్మకే పోతాయి.

ఆఖరి గడి ఖాళీగా ఉంది. తీగ లేని నంబరు ఒకటుంది. ఆ ఇంట్లో ఎవరూ లేరు. పెట్టె ఒక్కటే ఉంది.

మురుగుకాలవలాంటిదే అనుకున్నాడు. మిగులు గడిలో పది, సున్నా, సున్నా, ఏడు నొక్కాడు. పెట్టె కాదనలేదు. పచ్చ దీపం ఒకసారి ఆరి వెలిగింది.

మర్నాడు రత్నం తల్లి నొప్పి మొయ్యకుండానే వంట చేసుకుంది. అచ్చియ్యమ్మకీ ఎక్కువ కాలేదు. మూడో రోజు అతను తాతబ్బాయి పాళ్లు కూడా ఆ గడిలోకి మార్చాడు. నాలుగో రోజు తనవి, ఆఖరికి అచ్చియ్యమ్మకి మిగిల్చినవీ. ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఏ పనీ చెప్పి చేసిన అలవాటు లేదు.

ఆ రోజులు ఆ ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. అచ్చియ్యమ్మ మంచం దిగింది. ఎండురొయ్యలు, వంకాయ కూర తనే వండి తనే రెండుసార్లు వడ్డించుకుంది. ఒక సాయంత్రం లాకు దాకా నడిచివెళ్లి, తలుపుల సందులోంచి దూకే నీళ్లు చూస్తూ గట్టు మీద కూర్చుంది. తాతబ్బాయి పడవ కట్టేసి వచ్చి పక్కన చేరి, లాకు చక్రం దగ్గరున్న గవర్రాజు వైపు తిరిగాడు.

"ఏం బావా, అక్క నెప్పికి కూడా నీ బుద్దులే వచ్చినియ్యి," అన్నాడు. "ఎల్తన్నానని ఒక మాటైనా అనకుండా ఎల్లిపోయింది."

"దానికైనా ఎల్లడం తెలుసు. నువ్వు బోజనం యేలకి వచ్చి కూకుంటావు, కదలవు," అంది అచ్చియ్యమ్మ. తనే ముందు నవ్వింది.

డాక్టరమ్మ రోజూ వచ్చి ఆమె కాళ్లూ చేతులూ చూసి పుస్తకంలో రాసుకునేది. ఒకరోజు గవర్రాజుని అడిగింది.

"మీరేమైనా మార్చారా?"

"వంతులు మార్చానండి."

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. అంతలో పై నుంచి వరద కబురు వచ్చింది. ఊరంతటికీ వేరే పని పడింది.

మొదటి గండి సోమవారం పడింది. రెండోది బుధవారం. కరెంటు ఆ రోజే పోయింది, రోడ్డు మునిగింది. ఏడో లాకు మనుషులు ఆడవాళ్లనీ ముసలివాళ్లనీ ముందే పై ఊరికి పంపేసి, అచ్చియ్యమ్మనీ రత్నాన్నీ బంగళాకి చేర్చి, ఇంటికో మనిషి చొప్పున గట్టు మీదికి వెళ్లారు. గట్టుకి ప్రమాదమంటే ఇంటికో మనిషి వెళ్లాల్సిందే, అది అక్కడి కట్టుబాటు. ఇసక బస్తాలు చేతుల మీదుగా అందించుకుంటూ ఇరవై రెండుమంది వరసగా నిలబడ్డారు. తాతబ్బాయి కాలికి మేకు దిగి బంగళాలో ఉండిపోయాడు. అతని పడవ లంకల్లోంచి మనుషుల్ని తేవడానికి వేరేవాళ్లు తీసుకెళ్లారు. శనివారానికి గాని తిరిగి రాదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి, గవర్రాజు లాకు తలుపులు చూసుకుని బంగళాలోకి వచ్చేసరికి, నాజర్ ఫోన్ వచ్చింది. గొంతు మామూలుగా లేదు.

"బాబాయ్ గారూ, 'ఉన్నావా' అంటే రెప్పపాటులో చెప్పేది. ఇవాళ నాలుగు నిమిషాలు పట్టింది. లోపల ఏదో బరువు తిరుగుతోంది. పెట్టె మీద చెయ్యి వేసి చూడండి."

గవర్రాజు చెయ్యి వేశాడు. జ్వరం వచ్చిన ఒళ్లులా ఉంది. లోపల నుంచి సన్నగా మూలుగులాంటి చప్పుడు.

"పట్టీ చదవండి."

చదివాడు. ఆఖరి గడి కూడా చదివాడు. డాక్టరమ్మ వచ్చి ఫోను అందుకుని, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది.

"ఎన్నాళ్లయింది?" అన్నాడు నాజర్.

"పందొమ్మిది రోజులండి."

"బాబాయ్ గారూ, అది మురుగుకాలవ కాదు. దానికి బయటికి దారి లేదు. అక్కడికి పంపింది పెట్టెలోంచి పెట్టెలోకే తిరిగి వస్తుంది. మళ్లీ వెళుతుంది, మళ్లీ వస్తుంది. పందొమ్మిది రోజుల నొప్పీ లోపలే తిరుగుతోంది. ఒక్క చుక్క కూడా పోలేదు."

"తిరగనియ్యండి మరి," అన్నాడు తాతబ్బాయి మంచం మీద నుంచి. "మనకేంటంట."

"పెట్టె ఆగిపోతే ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడికి పోతుంది. మొదటి కన్నానికి."

మొదటి కన్నం అచ్చియ్యమ్మది. ఆమె పక్క హాల్లో గోడవారగా మంచం మీద ఉంది. తలుపు తెరిచే ఉంది.

డాక్టరమ్మ బ్యాటరీ చూసింది. సాయంత్రం నాలుగింటి దాకా వస్తుంది. కరెంటు వచ్చే ఆశ లేదు. పెన్సిలుతో ఏవో అంకెలు వేసింది, కొట్టేసింది, మళ్లీ వేసింది.

"ఆమె మీద ఒక్కసారిగా పడితే..." అని ఆపేసింది. "మనిషి మోస్తేనే అది అరుగుతుంది, కొంచెం కొంచెంగా ముందే తీసెయ్యాలి. ఉన్నవి ఆరేడు గంటలు. కనీసం ఇరవైమంది కావాలి. నలుగురైదుగురైతే ఎవరికేమవుతుందో నేను చెప్పలేను."

ఫోన్లో సిగ్నలు పోయింది. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

ఇరవైమంది అన్న మాట గవర్రాజు చెవిలో పడింది. పెట్టెలో ఇరవై రెండు నంబర్లున్నాయి. వేసవిలో డాక్టరమ్మ పెట్టెని పరీక్షిస్తున్నప్పుడు ఊళ్లో ఇంటికో మనిషి వచ్చి కడియం తొడుక్కుని వెళ్లారు. ఆ లంకెలు ఇంకా ఉన్నాయి. అడగక్కర్లేదు. రాస్తే చాలు.

మీటల ముందు కూర్చున్నాడు. ఒక్కో నంబరూ నొక్కడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. వాళ్లందరి పేర్లూ అతనికి తెలుసు. వాళ్ల చేలు ఏ తూము కింద ఉన్నాయో తెలుసు. పదకొండు దాకా వచ్చాడు.

"ఏవయ్యా," అంది హాల్లోంచి అచ్చియ్యమ్మ. "ఎవరి పేర్లు రాత్తన్నావు?"

అతను చెయ్యి ఆపాడు.

"నేనంతా యిన్నాను," అంది. "నడుం పోయింది గాని సెవులు పోలేదు. ఎవరి పేర్లని అడుగుతన్నా."

"గట్టు మీదోళ్లవి."

"అడిగావా?"

అతను తల తిప్పుకున్నాడు. కిటికీలోంచి గట్టు కనబడుతోంది. వానలో ఇరవై రెండుమంది మనుషులు. ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతిలోకి బస్తా వెళుతోంది. పక్కనే, గట్టు అంచుకి అంగుళం తక్కువగా నీళ్లు. ఆ వరసలో ఒకడు నడుం పట్టుకుని కూలబడితే బస్తా జారుతుంది. వాడి వెనకవాడూ కూలబడతాడు. ఆ కింద ఊరుంది.

"ఇంద, ఇలా రా," అంది అచ్చియ్యమ్మ.

వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు.

"అది నా నెప్పి. నన్నడక్కుండా తీసికెళ్లి ఎక్కడో దాసావు. పందొమ్మిది రోజులు అది పోయిందనుకుని కూరలొండుకున్నాను. ఇప్పుడు ఆళ్లనడక్కుండా ఆళ్లకి పంచుతున్నావు. నీళ్ల పట్టీ అయితే రచ్చబండ మీద సదివి గాని తూము తిప్పవు కదయ్యా. నా దగ్గరికొచ్చేసరికి అదేం పోయింది?"

"నీకు తగ్గుతాదని."

"తగ్గింది. నువ్వు మంచికే సేసావు. మంచికే అయినా సెప్పి సెయ్యాలి."

మొహం గోడ వైపు తిప్పుకుంది. గవర్రాజు పెట్టె దగ్గరికి వెళ్లి పదకొండు నంబర్లూ ఒక్కొక్కటే తీసేశాడు.

"నాకు రెండు పాళ్లు రాయి బావా," అన్నాడు తాతబ్బాయి. "ఎలాగూ కాలు కుంటుతోంది. దానికి తోడుంటాది."

రత్నం కూడా వచ్చి, కాలిన చేతికి గుడ్డ చుట్టుకునే కూర్చుంది. వద్దన్న తల్లి మాట వినలేదు. ఒక పాలు రాయించుకుంది. ఆ తర్వాత డాక్టరమ్మ బీరువాలోంచి కొత్త కడియం తీసి తన చేతికి తొడుక్కుంది.

"ఇన్నాళ్లూ నేనెప్పుడూ పెట్టుకోలేదు," అంది, ఎవరికి చెబుతున్నదీ తెలియకుండా. "రాసుకునేవాళ్లకి నొప్పి ఉంటే లెక్క తప్పుతుందనుకున్నాను. నాకు రెండు రాయండి."

"నాకొకటి," అంది అచ్చియ్యమ్మ గోడ వైపు నుంచే.

మొత్తం పది పాళ్లలో మిగిలిన నాలుగూ గవర్రాజు తనకి రాసుకున్నాడు. రాసి, అందరికీ వినపడేలా పట్టీ ఒకసారి పైకి చదివాడు. ఎవరూ కాదనలేదు. పదిన్నరకి మొదలుపెట్టాడు.

వరదలో లాకు తలుపు ఎత్తినట్టే ఎత్తాడు. ఒక పన్ను. ఆగాలి. ఇంకో పన్ను. తుంటి దగ్గర మొదలై వీపులోకి, మెడలోకి ఎక్కింది. అది ఒక నొప్పి కాదు. సోమవారం మీద మంగళవారం పెట్టి, దాని మీద బుధవారం పెట్టి తొక్కినట్టుంది. కాసేపటికి అందులో రోజులు గుర్తుపట్టాడు. ఆమె లాకు దాకా నడిచిన సాయంత్రం అది. వేసిన అడుగు వేసినట్టే ఉంది, ఇంటి గుమ్మం నుంచి గట్టు దాకా. ఇది రెండుసార్లు వడ్డించుకుని పీట మీద కూర్చున్న పూటది. ఆమె నవ్విన రోజులన్నీ వరసగా వచ్చి అతని ఎముకల్లో కూర్చున్నాయి.

పన్నెండింటి దాకా తాతబ్బాయి మాట్లాడాడు. "ఇది మోసాక మా ఆవిడ సణుగుడు పాటలా ఉంటాది బావా," అన్నాడు. తర్వాత మాట తగ్గింది. ఒంటిగంటకి గోడకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. పళ్లు కొరుకుతున్న చప్పుడు గదిలోకి వినబడింది. డాక్టరమ్మ గడియారం చూసి టైము రాస్తూనే ఉంది. ఆమె అక్షరాలు పెద్దవయ్యాయి, వంకరపోయాయి, ఆఖరికి గీతలయ్యాయి. రత్నం రెండింటికి వాంతి చేసుకుంది. కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చుంది.

రెండున్నరకి గవర్రాజు కుడిచెయ్యి ముడుచుకుంది. వేళ్లు లోపలికి తిరిగి, గోళ్లు అరచేతిలో దిగాయి. ఎడమచేత్తో విప్పబోయాడు. రాలేదు. అలాగే వదిలేసి, ఎడమచేత్తో ఇంకో పన్ను ఎత్తాడు.

మూడూ నలభైకి పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. నాలుగింటి దాకా ఆగాల్సింది. ఆగలేదు.

"ఎంతుంది?" అన్నాడు.

"అరపూటది. ఇంకో ఇరవై నిమిషాలుంటే..." అంది డాక్టరమ్మ.

దీపాలన్నీ ఒకేసారి ఆరిపోయాయి. మూలుగు ఆగింది. నలుగురికీ ఒంట్లోంచి ఎవరో పీకేసినట్టు నొప్పి పోయింది. గవర్రాజు హాల్లోకి నడవబోయి పడి, పాకుతూ వెళ్లాడు.

అచ్చియ్యమ్మ మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని ఉంది. చీర చెంగు నోట్లో కుక్కుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి. డాక్టరమ్మ ఆమె నాడి పట్టుకుని కూర్చుంది. మందేదో ఇచ్చింది. గవర్రాజు మంచం కోడు పట్టుకుని నేల మీద ఉన్నాడు. ఆ గంటా ఆమె ఒక్క చప్పుడు చేయలేదు. గంట తర్వాత చెంగు తీసింది.

"మంచినీళ్లు," అంది.

ఆ సాయంత్రం మూడో గండి పడింది. ఊరి ముందు కాదు, కింద అరటితోటల వైపు. అక్కడ ఇళ్లు లేవు. ఊరి ముందు గట్టు నిలిచింది. మనుషులు తడి బట్టలతో బంగళాకి వచ్చి, ఎక్కడివాళ్లక్కడ పడి నిద్రపోయారు. లోపల ఏం జరిగిందో వాళ్లెవరికీ తెలియదు.

తెల్లారేసరికి నీరు జానెడు తీసింది. పడవ తిరిగొచ్చింది. గవర్రాజు దాని ఇంజను బ్యాటరీ విప్పి, భుజాన పెట్టుకుని తెచ్చాడు. కుడిచెయ్యి ఇంకా ముడుచుకునే ఉంది. ఎడమచేత్తో, పళ్లతో తీగలు కలిపాడు. పెట్టె వెలిగింది. చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది. లోపల ఏమీ లేదు. పట్టీ కూడా లేదు. అంతా మొదటినుంచీ రాసుకోవాలి.

మీటలు ముట్టుకోలేదు. లేచి హాల్లోకి వెళ్లాడు. అచ్చియ్యమ్మ మేలుకునే ఉంది. రాత్రికి రాత్రి సగమైపోయినట్టుంది.

"పట్టీ రాయాలి," అన్నాడు.

ఆమె చూసింది.

"రత్నానికి ఈ నెలంతా రాయను. తాతబ్బాయికి పొద్దుటి వంతు రాస్తాను, ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ తనకీ రాయమంది. ఆఖరి గడిలో ఎవర్ని రాయమంటావు?"

అన్ని మాటలు అతను ఒక్కసారి మాట్లాడ్డం ఆమె ఎరగదు. కాసేపు అతని ముడుచుకున్న చెయ్యి చూసింది.

"మనిసిని రాయి. పెట్టెనొద్దు."

"నన్ను రాసుకుంటాను."

"ఎంత మొయ్యగలవు?"

"కొంచెం," అన్నాడు.

ఆమె మూతి కొసన ఏదో కదిలింది. "ఆ మాట నా దగ్గర సెల్లదు. ఎంతో సెప్పు."

గవర్రాజు ఆలోచించాడు. నీటిమట్టం బద్ద చూసి చెప్పేటప్పుడు ఆలోచించినట్టే ఆలోచించాడు.

"రెండు పాళ్లు మొయ్యగలను. మూడోది మొయ్యలేను."

"అయితే మూడోది నాది. రాయి."

వెళ్లి పెట్టె ముందు కూర్చున్నాడు. ముందు నాజర్ కోసం తీగ లేని నంబరు పెట్టాడు. పది, సున్నా, సున్నా, ఏడు. రెండొందల యాభై అయిదు నాలుగుసార్లు. తర్వాత వంతులు. ఎడమచేతి చూపుడువేలుకి ఆ పని కొత్త. గంట పట్టింది. ప్రతి అక్షరాన్నీ, ప్రతి అంకెనీ నొక్కే ముందు పైకి చెప్పాడు, హాల్లో మంచం దాకా వినపడేలా. ఆఖరి గడి దగ్గర ఆగి, మిగులు అని చదివి, తన నంబరు చెప్పి, ఆమె నంబరు చెప్పి, ఆమె ఊఁ అన్నాక నొక్కాడు.